మంచం పక్కన సముద్రం

జూన్ 3

డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది. మా ఆవిడ ఇక మంచం దిగకూడదు. జారిపోకుండా లోపల కుట్టు వేశారు. బాత్‌రూముకి వెళ్ళి రావచ్చు, అంతే. మిగిలిన నెలలన్నీ పడకే.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుదుపుల బస్సులో నిలబడి టికెట్లు కొట్టే మనిషిని పడుకోబెట్టడమంటే మాటలా? నేను లిఫ్టు మెకానిక్కుని కదా, టాక్సీలో వస్తూ తను అంది: "మీ లిఫ్టుల్లో ఇరుక్కుపోతారు చూడండి, అలా అయింది నా పని. రెండంతస్తుల మధ్య ఆగిపోయాను. తలుపు తీసేవాడు మాత్రం నెలల తర్వాత వస్తాడట." డ్రైవరు కూడా నవ్వాడు. నేనూ నవ్వాను.

ఇంతకుముందు రెండుసార్లు నిలవలేదు. ఇది మూడోసారి. ఆ విషయం గురించి ఇక్కడ ఇంతకుమించి రాయను. రాస్తే ఏదో అవుతుందని కాదు. నాకు అలాంటి పిచ్చి నమ్మకాలు లేవు. రాయాలనిపించలేదు, అంతే.

జూన్ 5

మా కిటికీలోంచి కనిపించేది ఎదురింటి గోడ. గోడ మీద ఒక పైపు. పైపు మీద ఒక పిట్ట. "ఆ పిట్ట కూడా డ్యూటీకి పోయినట్టు పొద్దున్నే వెళ్ళిపోతోంది. నేను తప్ప ఈ ఊళ్ళో అందరికీ పనుంది" అంది తను.

కాసేపాగి, "ఈ సెలవుల్లో సముద్రానికి వెళ్దామనుకున్నాం కదా. నేను కదలలేను. మీరే దాన్ని ఇక్కడికి తీసుకురండి" అంది.

సరేనన్నాను. ముందు సరేననడం, తర్వాత తల పట్టుకోవడం నాకు పెళ్ళినాటి నుంచీ అలవాటే.

జూన్ 9

పెంపుడు చేపలు అమ్మే షాపుకి వెళ్ళాను. షాపాయన ఏది అడిగినా పాఠం మొదలుపెడతాడు. తొట్టి నీళ్ళలో కలిపే ఉప్పు గురించే అరగంట చెప్పాడు. ఇంటికొచ్చి తనకి చెబితే "ఉప్పుమాస్టారు" అని పేరు పెట్టేసింది.

నేను అడగబోయింది రంగురంగుల చేపలు. కానీ షాపు మూలన ఒక తొట్టి ఉంది. అందులో చేపలు పెద్దగా లేవు, అన్నీ మొక్కల్లాంటివి. ఆకుపచ్చ కాడలకి గుత్తులుగా చిన్న చిన్న పూసలు. ఇంకోటి నాణేలు ఒకదానికొకటి అతికించినట్టు. మూడోది ఎర్రగా, పట్టు గుడ్డని చీలికలు చేసి నీళ్ళలో వదిలినట్టు ఊగుతోంది.

"ఇది సముద్రపు నాచండి. పగడాలు పెంచేవాళ్ళకి ఇది కలుపు, పీకి పారేస్తారు. నాకు మాత్రం ఇదే తోట" అన్నాడు మాస్టారు.

నాచంటే లిఫ్టు గుంతల్లో పట్టే జారుడు పాచి అనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. బూటు వేసి దాన్ని ఎన్నిసార్లు తొక్కానో. ఈ ఎర్రదాని ముందు నుంచి మాత్రం కదలలేకపోయాను. ఫోన్లో రెండు కాల్స్ వచ్చాయి, ఎత్తలేదు. ఎక్కడో ఎవరో అంతస్తుల మధ్య ఇరుక్కునే ఉంటారు. ఒక్క పావుగంట.

జూన్ 10

తొట్టి వచ్చేసింది. ఎంత ఎత్తులో పెట్టాలో చూడడానికి తన పక్కన నేనూ పడుకుని, తన కళ్ళు ఎక్కడికి వస్తాయో అక్కడ గోడ మీద పెన్సిలుతో గీత గీశాను. లిఫ్టు పట్టాలు నిలబెట్టే జాగ్రత్తతోనే స్టాండు బిగించాను. రాళ్ళూ, సగం నీళ్ళూ మాస్టారు తన తొట్టిలోంచే ఇచ్చాడు. కొత్త నీళ్ళయితే కుదురుకోవడానికి వారాలు పట్టేదట.

అదే సమయానికి అత్తయ్యగారు పెట్టెతో దిగారు, కూతురి దగ్గర ఉండడానికి. ఉప్పు బస్తా చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇంత ఉప్పెందుకు అల్లుడుగారూ?"

"నాచు పెంచడానికి అత్తయ్యా."

ఆవిడ కూతురి వైపు చూశారు. కూతురు పైకప్పు వైపు చూసింది. "మా ఇంట్లో నాచు పడితే పీచుతో తోమేవాళ్ళం. ఇప్పుడు కొనుక్కొచ్చి పెంచుతున్నారా? కానివ్వండి" అని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

జూన్ 21

మూడు చేపలు వేశాను. రెండు చారల చేపలు జంటగా తిరుగుతాయి. మూడోది పసుపు రంగుది, రాతి కన్నంలోంచి తల మాత్రం బయట పెట్టి అందర్నీ అనుమానంగా చూస్తుంది. తను దాన్ని చూడగానే "చెకింగ్ ఇన్‌స్పెక్టరు" అంది. ఇక అదే పేరు.

నాచు మాత్రం పాలిపోతోంది. పచ్చది పసుపయింది, ఎర్రది గులాబీ రంగుకి దిగింది. ఎందుకో తెలీదు. రోజూ అడుగున చేరిన మురికంతా గొట్టంతో పీల్చి, గాజు తుడిచి, నీళ్ళు మార్చి అద్దంలా ఉంచుతున్నాను. అయినా ఇంతే.

జూన్ 24

మాస్టారు చివాట్లు పెట్టాడు. "మీరు మరీ శుభ్రం చేస్తున్నారు సార్. చేపల మురికే దాని తిండి. అది కాస్తా మీరు పీల్చేస్తే పాపం ఏం తిని బతుకుతుంది?"

దుమ్ము పడితే లిఫ్టు ఆగిపోతుంది. పదిహేనేళ్ళుగా నా చేతుల్లో గుడ్డ లేకుండా ఉన్న రోజు లేదు. మురికిని వదిలెయ్యమంటే నా వల్ల అవుతుందా? చేతులు కట్టుకుని కూర్చున్నాను.

జూలై 6

తన్నింది. నా చెయ్యి తన పొట్ట మీదే ఉంది.

అంతే రాస్తాను.

జూలై 8

పచ్చ నాచుకి ఇసక మీద పాకే తీగలున్నాయి. తీగ ముందుకి పోతూ దారి పొడవునా ఒక్కో కాడ లేపుతుంది. తను వాటికి బస్సు నంబర్లు ఇచ్చేసింది. కాడలన్నీ స్టాపులు. నేను డ్యూటీ నుంచి రాగానే రిపోర్టు తయారు.

"ఒకటో నంబరు గాజు దాకా వచ్చి మలుపు తిరిగింది. రెండో నంబరు బద్ధకం, డిపోలోనే ఉంది. మూడో నంబరు మాత్రం రాయెక్కింది చూడండి. ఇన్‌స్పెక్టరు ఇంటి ముందే స్టాపు వేసింది. ఆయన టికెట్ అడుగుతున్నాడు."

చారల చేపలు ఒక మూల గుమిగూడితే పడుకునే కేక: "ముందుకి జరగండి, ముందంతా ఖాళీయే." ఆ గొంతు విని ఎన్నాళ్ళయింది. అత్తయ్య వంటింట్లోంచి గరిటెతోనే పరిగెత్తుకొచ్చారు, ఏమైందోనని.

జూలై 11

అబ్బ, ఏం పెరుగుతోంది! ఎర్రది మళ్ళీ ఎర్రబడింది. నాణేలది కొత్త నాణేలు వేస్తోంది. ఇదంతా నేను బిగించిన టైమరు మహిమ. పాత లిఫ్టులోంచి తీసిన రిలే స్విచ్చుతో చేశాను, లైటు సరిగ్గా వేళకి వెలిగి వేళకి ఆరుతుంది. మాస్టారుకి చెబితే ఊరికే తలాడించాడు. ఒప్పుకోవడానికి మనసొప్పదు ఎవరికైనా.

చేపలు కూడా బాగా ఒళ్ళు చేశాయి.

జూలై 12

ఎంత బాగుందో.

జూలై 19

తొట్టి నిండిపోయింది. మాస్టారు ఫొటో చూసి "పచ్చదాన్ని కొయ్యండి సార్. వారం వారం కోస్తుండాలి. పెరగనిస్తే మంచిది కాదు" అన్నాడు. పొడుగు కత్తెర కూడా చేతిలో పెట్టాడు.

తీసుకొచ్చి బీరువా మీద పెట్టాను. ఇంత అందంగా ఉన్నదాన్ని ఎందుకు కొయ్యాలి? అందం కోసమే ఊరుకున్నాను. వేరే కారణం ఏమీ లేదు.

జూలై 27

ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు ఆగిపోయింది. లోపల ఒకావిడ ఏడుస్తోంది. తలుపు దగ్గర కూర్చుని ఎప్పుడూ చెప్పేదే చెప్పాను: "ఆరు తాళ్ళున్నాయమ్మా. మిమ్మల్ని మొయ్యడానికి ఒక్కటి చాలు. పడిపోవడమన్నది జరగదు." ఆవిడ బయటికొచ్చి నా చేతులు పట్టుకుని వదల్లేదు.

ఇంటికొచ్చి గొప్పగా చెప్పాను. తను తొట్టి వైపే చూస్తూ, "మీ లిఫ్టుకి ఆరు తాళ్ళు. నాకు ఒక్క కుట్టే" అంది.

ఊరంతటికీ ధైర్యం చెప్పే నోరు ఇంట్లో పడిపోయింది. మళ్ళీ తనే, "ఆ ఒక్కటీ గట్టిదేలెండి. వేసింది డాక్టరమ్మ, మీరు కాదు" అంది.

మా సూపర్‌వైజరు నా జుట్టు చూసి ఏమైనా నాటకంలో వేషం వేస్తున్నావా అని అడిగాడు. తీరిక లేదన్నాను.

ఆగస్టు 2

ఈ రోజు నవ్వలేక చచ్చాం.

జ్వరంగా ఉండి మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. పిల్లిలా లోపలికి వస్తే, అత్తయ్య తొట్టి దగ్గర నిలబడి చేపలతో మాట్లాడుతున్నారు. "తినండి నాన్నా. పొద్దున ఆయన వేసింది ఏ మూలకి సరిపోతుంది? చిటికెడు వేసి వెళ్ళిపోతాడు, పెట్టడానికి చెయ్యి రాని మనిషి" అంటూ గుప్పెడు వేశారు. నన్ను చూసి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డారు.

మంచం మీద నవ్వు. తను దిండు కింద చెయ్యి పెట్టి ఇంకో మేత డబ్బా తీసింది. "మీరిద్దరూ బయటికి పోయాక నేనూ వేస్తాను. ఇన్‌స్పెక్టరు అలా చూస్తుంటే ఎలా తినకుండా ఉంచను?"

మూడు పూటలా మూడు చేతులు. ఒకరికి తెలియకుండా ఒకరు. అందుకా చేపలు గుండ్రంగా అయ్యాయి, అందుకా నాచు అంత ఏపుగా పెరిగింది. నా టైమరు గురించి ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే మర్యాద.

జ్వరం కూడా తగ్గిపోయినట్టుంది.

ఆగస్టు 16

పొద్దున తనకి నొప్పి వచ్చింది. ఆసుపత్రిలో ఉంచుకున్నారు. ఇంజక్షన్ ఇచ్చారు. చూద్దామన్నారు.

చూద్దాం.

ఆగస్టు 17

అత్తయ్య తన దగ్గర ఉన్నారు. బట్టలు తీసుకెళ్దామని నేను ఇంటికొచ్చాను.

తొట్టి తెల్లగా ఉంది. నీళ్ళలో పాలు పోసినట్టు, ఆ తెలుపులో కాస్త పచ్చదనం. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. పచ్చ నాచు మొత్తం, ఒకటో నంబరు, రెండో నంబరు, మూడో నంబరు, అన్నీ గాజు గొట్టాల్లా రంగు లేకుండా వాలిపోయి ఉన్నాయి. లోపల ఏమీ లేదు.

ఇది నాచు. దానికీ దీనికీ సంబంధం లేదు. సంబంధం లేదు.

మాస్టారుకి ఫోన్ చేస్తే పీపాలతో నీళ్ళు వేసుకుని తనే వచ్చాడు. ఇద్దరం నీళ్ళు మార్చాం. చేపలు బతికాయి. నేలంతా ఉప్పు నీళ్ళు, ఇద్దరం మోకాళ్ళ మీద. ఏమైందని అడిగాను.

"పిల్లల్ని వదిలింది సార్. కొయ్యకుండా బాగా పెరగనిస్తే దీనికి అలాంటి వేళ వస్తుంది. ఒంట్లో ఉన్నదంతా నీళ్ళలోకి వదిలేసి తల్లి ఖాళీ అయిపోతుంది. కొయ్యమని చెప్పానుగా."

తల్లి ఖాళీ అయిపోతుందని మామూలుగా అనేశాడు, తుండుతో చేతులు తుడుచుకుంటూ. ఆయన తప్పేముంది, నా ఇంటి సంగతి ఆయనకేం తెలుసు? ఇన్ని నెలలూ నేను ఒక్కదాని గురించే భయపడ్డాను. తనకి ఏమన్నా అవుతుందేమోనని ఒక్కసారి కూడా తోచలేదు. ఆ నేల మీదే కూర్చుండిపోయాను. బట్టలు తీసుకెళ్ళాలన్నది కూడా మర్చిపోయాను.

ఆగస్టు 18

నొప్పి ఆగింది. కుట్టు గట్టిగానే ఉంది. ఇంటికి పంపించేశారు.

అంతకు ముందే మాస్టారు తన తొట్టిలోంచి పచ్చ నాచు తెచ్చాడు. ఫోన్లో పాత ఫొటో పెట్టుకుని, ఏ తీగ ఎక్కడుండేదో చూసి గాజు మీద గుర్తులు పెట్టి, ఒక్కోటీ చిన్న రాళ్ళతో అణిచి నాటాను. తేడా కనిపెట్టడం ఎవరి వల్లా కాదు. కనీసం మామూలు మనుషుల వల్ల కాదు.

తను వచ్చి పడుకుంది. చాలాసేపు తొట్టి వైపు చూసింది. "బాగుంది" అంది.

గట్టెక్కాను.

ఆగస్టు 20

ఈ రోజు కూడా బస్సుల రిపోర్టు లేదు. ఆసుపత్రి నీరసం ఇంకా తీరినట్టు లేదు.

ఆగస్టు 21

లేదు. నీరసమే.

ఆగస్టు 23

కాఫీ ఇచ్చి కూర్చున్నాను. తను కప్పు పక్కన పెట్టింది.

"మూడో నంబరు ఎక్కడికి పోయింది?"

"అదిగో, రాయెక్కి ఉందిగా."

"అది మూడో నంబరు కాదు. మూడో నంబరు ఇన్‌స్పెక్టరు ఇంటి ముందు రెండుగా చీలేది. దీనికి చీలికే లేదు. నేను రెండు రోజులు డ్యూటీలో లేకపోతే ఊళ్ళో రూట్లన్నీ మార్చేసి ప్రయాణికులకి ఒక్క మాట చెప్పరా?"

"ఎప్పుడు తెలిసింది?"

"వచ్చి పడుకోగానే."

"మరి అప్పుడే అడగలేదేం?"

"అంత కష్టపడి అతికించారు కదా. నాలుగు రోజులు సంబరపడనిద్దామని."

ఇక దాచేదేముంది? తెల్లబడిన నీళ్ళు, మాస్టారు, పీపాలు, అన్నీ చెప్పాను. తల్లి ఖాళీ అవడం ఒక్కటి మింగేద్దామనుకున్నాను. అదీ చెప్పేశాను.

తను కదలకుండా విన్నది. "కొయ్యమని ఉప్పుమాస్టారు ముందే చెప్పలేదా?"

"చెప్పాడు."

"కత్తెర కూడా ఇచ్చాడు. బీరువా మీద ఉంది. పడుకున్నవాళ్ళకి ఇంట్లో బాగా కనిపించేది బీరువా పైభాగమే. ఎందుకు కొయ్యలేదు?"

అందంగా ఉందని, అనబోయాను. తన ముఖం చూసి అనలేకపోయాను. "ఇప్పుడు ఈ ఇంట్లో ఏదీ కొయ్యకూడదనిపించింది."

"అందుకా ఆ జుట్టు. ఆ గోళ్ళు కూడా అందుకేనా? మీకు పిచ్చి నమ్మకాలు లేవుగా?"

నవ్వుతోంది. కళ్ళలో నీళ్ళున్నాయి. నా చెయ్యి లాక్కుని గోళ్ళు చూసి మళ్ళీ నవ్వింది. "వినండి. మనకి బిడ్డ పుట్టబోతోంది. బిడ్డ. ఈ మాట అనడానికి ఈ ఇంట్లో ఎవరికీ నోరు రావడం లేదు. అమ్మ 'అది' అంటుంది, మీరు 'ఆ విషయం' అంటారు. నాకు ఒంటరిగా ఉంది. పగలంతా పడుకుని మోస్తున్నది బిడ్డనే కదా, పేరు లేని మూటనా? పోతే పోయిందని ఏడుద్దాం, ముందు రెండుసార్లూ ఏడవలేదా? కానీ ఉన్నంతసేపు ఉందని అనుకోకపోతే ఎలా? నాకేమన్నా అవుతుందని మీకు భయమైతే నాతో చెప్పండి. నా భయం నేనూ చెబుతాను. ఇద్దరం ఒకే మంచం మీద పడుకుని వేరే వేరేగా భయపడడమేంటి?"

గుమ్మంలో చప్పుడు. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు. "నేనూ అంతే అమ్మాయ్. భయపడి ఒక్క చిన్న చొక్కా కూడా కుట్టలేదు" అన్నారు.

"ఇప్పుడు కుట్టు. మీరు కత్తెర తియ్యండి" అంది తను.

తీశాను. చేతులు తొట్టిలోకి దించాను. తను పడుకునే చెబుతోంది, ఇక్కడ కొయ్యి, అక్కడ వదిలెయ్యి అని. 'మీరు' అనడం కూడా మర్చిపోయింది. కోసిన ముక్కలు గిన్నెలో వేశాను. తొట్టిలో వెలుతురు అడుగు దాకా దిగింది. చేపలు విశాలంగా ఈదాయి. ఏమీ కాలేదు.

సాయంత్రం క్షవరం చేయించుకుని వచ్చాను. ఇంత తేలిగ్గా ఎన్నాళ్ళుగా లేనో.

సెప్టెంబరు 14

కోసిన నాచు కోసం జనం వస్తున్నారు. తనతో పనిచేసే కండక్టర్లు నలుగురొచ్చి పెంచుకుంటామని సంచుల్లో పట్టుకెళ్ళారు. ఉప్పు గురించి నేనొక అరగంట చెప్పాను. వాళ్ళు ముఖాలు చూసుకున్నారు. తను గోడ వైపు తిరిగి నవ్వుకుంటోంది. నాకూ మాస్టారు గాలి సోకినట్టుంది.

పేర్ల మీద రోజూ గొడవే. నేను చెప్పింది ఒక్కటీ ఒప్పుకోరు. తల్లీకూతుళ్ళు ఒక పార్టీ.

సెప్టెంబరు 29

అత్తయ్య కుట్టిన చొక్కాలు మంచం మీద పరిచారు. ఒక్కోటి నా అరచేతంత. ఇంత చిన్న మనిషి ఉంటుందా అని అడిగాను. "మీరూ అంతే ఉండేవారు అల్లుడుగారూ, ఇప్పుడిలా అయ్యారు గానీ" అన్నారు.

అక్టోబరు 10

కుట్టు తీసేశారు. బిడ్డ ఇక ఎప్పుడైనా రావచ్చట. తను గది నుంచి హాలు దాకా నడిచింది. నెలల తర్వాత నడక. కిటికీ దాకా వెళ్ళి ఎదురింటి పిట్టని దగ్గర్నుంచి చూసొచ్చింది.

ఈ రోజు కూర్చుని భయాలన్నీ ఒకరికొకరం చెప్పుకున్నాం. తనవి నావి కన్నా ఎక్కువ ఉన్నాయి. అన్నీ అయ్యాక ఇద్దరికీ ఆకలేసింది.

అక్టోబరు 22

మధ్యాహ్నం. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ముగ్గురు నలుగురు మగాళ్ళం. పక్కన అత్తయ్య. లోపలి నుంచి ఏడుపు వినిపించింది. సన్నగా, కోపంగా. ఎవరిదో అనుకున్నాను.

తలుపు తీసుకుని నర్సు వచ్చింది. చేతుల్లో తెల్లటి మూట. "ఆడపిల్ల. తల్లి బాగుంది, కబుర్లు కూడా చెబుతోంది. తండ్రి ఎవరండీ?"

అందరితో పాటు నేనూ అటూ ఇటూ చూశాను, ఎవరు లేస్తారా అని. అదృష్టవంతుడు అనుకున్నాను కూడా.

అత్తయ్య నా వీపు మీద ఒక్కటి చరిచారు. "మిమ్మల్నే."

లేచాను. "నేనే" అన్నాను. నర్సుకి వినపడలేదేమోనని ఇంకోసారి అన్నాను. బెంచీ మీద వాళ్ళ వైపు తిరిగి వాళ్ళకీ చెప్పాను, నేనేనండీ అని.

"తెలిసిందండీ. చేతులు చాపండి" అంది నర్సు.